ఎర్రదారం కుట్టు

"వెళ్ళిరా శేషూ," అన్నారు మా ఆయన, నాలుగో ఇడ్లీ మీద కారప్పొడి వేయించుకుంటూ.

నా చేతిలో నెయ్యి చెంచా అలాగే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంకో ప్రశ్న లేకుండా ఆయన నోటివెంట వచ్చిన మొదటి 'వెళ్ళిరా' అది. ల్యాబ్‌లో వాళ్ళతో కలిసి కొంపల్లిలో సినిమాకి వెళ్తానంటే ఎవరెవరని పేర్లడిగి, ఎన్నింటికి వదులుతారని అడిగి, చివరికి 'అమ్మకి బీపీ మాత్ర ఎవరిస్తారు' అన్న దగ్గర నా చేతే మానేయించే మనిషి. అలాంటి మనిషికి ఆ పొద్దున నేను చెప్పిందేమిటి? ఏప్రిల్లో ఎనిమిది రోజులు సెలవు పెడుతున్నాను, ఉత్తరాఖండ్ కొండల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడుస్తాను, వీపున బ్యాగు, రాత్రికి ఏదో ఒక ఊళ్ళో బస, తోడు ఎవరూ ఉండరు, ఒక్కదాన్నే. దానికి ఆయన వెళ్ళిరా అన్నారు. పైగా "నీకూ కాస్త మార్పుండాలి కదా" అన్నారు. ఆ మొహం ఎలా ఉందో చూద్దామంటే పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఇదేదో తేడాగా ఉందే అనుకున్నాను.

అనుమానం నా స్వభావం కాదు, నా ఉద్యోగం. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్ళుగా నాణ్యత చూసే పని నాది. సరుకు ఎంత పేరున్నవాళ్ళ దగ్గర్నుంచి రానీ, ముందు డ్రమ్ము మీద పసుపు లేబుల్ అతికించి పక్కన పెడతాం. పరీక్షలన్నీ అయ్యాకే ఆకుపచ్చ లేబుల్. మా ఆయన 'వెళ్ళిరా'కి ఆ పొద్దున మనసులోనే పసుపు లేబుల్ అతికించేసి, ఆయన క్యారేజీ సర్ది, అత్తయ్యగారి మాత్రలు గిన్నెలో వేసి, నా టిఫిను నిలబడే తినేసి కంపెనీ క్యాబ్ కోసం మేడ్చల్ చెక్‌పోస్టు దాకా పరిగెత్తాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో షైనికి చెప్పాను. షైనిది కౌకూర్, నా పక్క బెంచీలో పనిచేస్తుంది, నాకంటే పదేళ్ళు చిన్న. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది. "గంత జల్దీ ఒప్పుకున్నడా అక్కా? నాకైతే డౌటే. మా ఇంటాయన ఏలియా గిట్ల నవ్వుకుంట సరే అన్నడంటే ఎనక ఏదో ఒకటి ఉంటది. పైలం." ఇక మా మేనేజరు కృష్ణారావు గారైతే సెలవు చీటీలో 'వ్యక్తిగతం' అని రాసినందుకు గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. ఇంట్లో అంతా బాగానే ఉందా అమ్మా, ఆరోగ్యం బాగానే ఉందా, మీవారికి తెలుసా అని మూడు ప్రశ్నలు. పోయిన నెల పక్క సెక్షన్ జోగారావు గారు అదే మాట రాసి పన్నెండు రోజులు గోవాలో ఉండొచ్చారు. వాళ్ళావిడకి తెలుసా అని ఆయన్నెవరూ అడగలేదు. సంతకమైతే పెట్టారు గానీ, పెడుతూ "ఈ వయసులో ఒంటరిగా ఏం పనమ్మా అక్కడ" అని గొణిగారు. నాకు వినపడాలనే గొణిగారు.

ఏం పనా? చెప్తే అర్థమవుతుందా ఎవరికైనా! రెండేళ్ళ క్రితం మా అమ్మ పోయింది. పోయిన మూడో గంట నుంచీ నేను పనిలోనే ఉన్నాను. వచ్చినవాళ్ళకి కాఫీలు, కాటరర్‌తో మాటలు, తమ్ముడికీ పిన్నికీ మధ్య గొడవ సర్దుబాటు, పదకొండో రోజు గారెలకి పప్పు నానబెట్టానా లేదా అని భయం. పన్నెండో రోజు రాత్రి రైలెక్కి పదమూడో రోజు డ్యూటీకి వచ్చేశాను. ఏడవలేదు. ఏడ్చే టైము దొరకలేదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఏడాది కంపెనీ వాళ్ళు వికారాబాద్ అనంతగిరి కొండలకి తీసుకెళ్ళారు. నా చెప్పు తెగింది, మిగతావాళ్ళు ముందుకి పోయారు. గంటసేపు ఆ చెట్ల మధ్య ఒక్కదాన్నే మెల్లిగా నడిచాను. మొదట తలలో అన్నీ పనులే, గ్యాస్ బుక్ చేశానా, మా అమ్మాయి హర్షిత హాస్టల్ ఫీజు కట్టే తేదీ ఎప్పుడు, పెరుగు తోడు పెట్టమని అత్తయ్యగారికి చెప్పానా. నడుస్తూ ఉంటే ఒక్కొక్కటే అయిపోయాయి. అయిపోయాక కాళ్ళ చప్పుడు, ఊపిరి, అంతే మిగిలాయి. ఆ ఖాళీలోకి మా అమ్మ వచ్చింది. ఇప్పుడు ఏడుస్తాను అనుకున్నాను. సరిగ్గా అప్పుడే "మేడమ్, బస్ వెయిటింగ్!" అని ఎవరో కేకేశారు. ఆ వచ్చిన ఏడుపు అలాగే వెనక్కి వెళ్ళిపోయింది. దాన్ని మళ్ళీ కలుసుకోవాలి. గంట చాలదు, ఎవరూ కేకేయకూడదు, నన్నెవరూ చూడకూడదు. దీన్ని ధ్యానమంటారో, భక్తి అంటారో, పిచ్చి అంటారో నాకు తెలీదు.

ఇంట్లో మాత్రం దానికి పేరు పెట్టేశారు. మా ఆయన కాలనీలో అందరికీ "మావిడ తీర్థయాత్రకి వెళ్తోందండీ" అని చెప్పుకున్నారు. అత్తయ్యగారు కామేశ్వరమ్మ గారు మొదట అడిగింది "ఏ దేవుడమ్మా?" అని.

"దేవుడి కోసం కాదత్తయ్యా. నడవడానికి."

"నడవడానికి మన కాలనీలో పార్కుందిగా?"

"ఒక్కదాన్నే నడవడానికి."

"నడిచి?"

"ఆలోచించుకుంటాను."

ఆవిడ నా మొహంకేసి కాసేపు చూసి, చేతిలో ఉన్న చీరకి ఫాల్ కుట్టుకోవడంలో పడిపోయారు. డెబ్బై నాలుగేళ్ళు ఆవిడకి. తణుకులో ఉన్నప్పుడు వీధంతటికీ ఫాల్స్ కుట్టేవారు, ఇప్పటికీ కాలనీలో ఆడవాళ్ళు తెచ్చిస్తారు. అంచు రంగుకి దారం రంగు కలవకపోతే సూదే పట్టుకోరు. 'నప్పని దారంతో కుట్టడం కంటే కుట్టకపోవడం మేలు' అంటారు. ఆ చూపు కూడా నాకు అనుమానంగానే తోచింది. తల్లీ కొడుకులిద్దరూ ఒక్కసారే ఇంత మంచివాళ్ళు ఎందుకయ్యారు?

ముదురాకుపచ్చ రంగు బ్యాగు కొన్నాను. అలవాటు కావాలని మార్చి నెలంతా ఆదివారాలు బ్యాగులో ఎనిమిది కిలోల బియ్యం పోసుకుని, స్కూటీ మీద శామీర్‌పేట చెరువుకి వెళ్ళి కట్ట మీద అటూ ఇటూ నడిచేదాన్ని. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చినవాళ్ళు పక్కకి జరిగి మరీ చూసేవారు. కట్ట చివర మొక్కజొన్న పొత్తులు కాల్చే రాధమ్మ అయితే మొదటి వారమే ఆపేసింది.

"ఏందమ్మా, గా సంచిల ఏమున్నది?"

"బియ్యం."

"బియ్యమా! బియ్యం మోసుకుంట కట్ట మీద తిరుగుడేంది? మొగడు ఎల్లగొట్టిండా?"

"లేదమ్మా, నేనే వెళ్తున్నాను."

"అట్లనా," అని విసనకర్ర ఊపడం ఆపి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "అయితే గీడ కూసో. పొత్తు తిని పో." అప్పట్నుంచి వారం వారం నాకోసం ఒక పొత్తు పక్కన పెట్టి ఉంచేది.

ప్రయాణం ఇంకో వారంలో ఉందనగా ఆఖరి ఆదివారం. రెండు రౌండ్లు నడిచి వచ్చి రాధమ్మ దగ్గర కూలబడి ఫోన్ తీశాను. తెర మీద ఒక హెచ్చరిక ఉంది. మీది కాని ట్రాకర్ ఒకటి మీతో పాటే కదులుతోంది, దాని యజమానికి మీరెక్కడున్నారో తెలుస్తుంది అని. కింద ఒక మ్యాపు, మా ఇంటి నుంచి చెరువు దాకా నా స్కూటీ వచ్చిన దారంతా ఎర్రటి చుక్కలు. ముందు ఇదేదో మోసం మెసేజీ అనుకున్నాను. కింద 'శబ్దం చేయించు' అని ఒక గుర్తుంటే నొక్కాను.

"నీ సంచిల ఏదో పిట్ట కూస్తాంది, సూడు!" అంది రాధమ్మ.

నిజంగానే కూస్తోంది, సన్నగా. బియ్యమంతా ఆవిడ పరిచిన గోనె మీద కుమ్మరించి బ్యాగు తిరగేసి చూశాను. లోపలేం లేదు. వీపుకి ఆనే మెత్త లోంచి వస్తోంది చప్పుడు. మెత్త అడుగున రెండంగుళాల మేర కుట్టు విప్పి మళ్ళీ కుట్టి ఉంది. ఎర్రదారం. పెద్ద పెద్ద టాకాలు. చివర మెలిక తిప్పి రెండుసార్లు వేసిన ముడి. ఆ ముడి నాకు తెలుసు. నా పెళ్ళిచీర దగ్గర్నుంచి నా ప్రతి చీర అడుగునా ఉంది ఆ ముడి.

రాధమ్మ కత్తి తీసుకుని టాకాలు తెంపాను. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దది, తెల్లటి బిళ్ళ అరచేతిలో పడింది.

"ఏందది?"

"నేనెక్కడికి పోతున్నానో మా ఆయనకి చెప్పే యంత్రం."

రాధమ్మ దాన్ని ముట్టుకోలేదు. "గొర్రెలకు గంట కడ్తరు గదా," అంది, "ఎటు పోయినా దొరకాలెనని." తర్వాత ఏమనుకుందో, "చెర్ల ఇసిరెయ్యి," అంది.

విసిరేద్దామనే లేచాను. ఒళ్ళంతా మంట. ఓహో, అందుకా 'వెళ్ళిరా'! అందుకా 'నీకూ మార్పుండాలి'! ఆయన సంగతి సరే, ఈవిడకేం వచ్చింది? బీపీ మాత్రలు వేళకి అందిస్తాను, మోకాళ్ళకి నూనె రాస్తాను, ఈవిడ నా వీపున ట్రాకర్ కుడుతుందా? కళ్ళు కనపడట్లేదని దారం నా చేతే ఎక్కించుకునే మనిషి! గట్టు అంచుదాకా వెళ్ళి చెయ్యెత్తాను. ఎత్తి ఆగిపోయాను. అనుమానం ఉద్యోగమైపోయినవాళ్ళకి కోపంలో కూడా ఒక లెక్క తేడా పడితే తెలిసిపోతుంది. ముదురాకుపచ్చ బ్యాగుకి ఎర్రదారమేమిటి? చీర అంచు దుకాణానికి పట్టుకెళ్ళి నాలుగు రీళ్ళు పక్కన పెట్టి చూసుకునే మనిషి, ఎవరికీ కనపడకూడని కుట్టుకి ఎర్రదారం ఎందుకు వాడింది? బిళ్ళని కొంగుకి ముడేసుకుని ఇంటికొచ్చేశాను.

మా ఆయన క్షవరానికి వెళ్ళారు. అత్తయ్యగారు హాల్లో చాప మీద కూర్చుని మెంతికూర ఒలుస్తున్నారు. ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, మీ దగ్గర ముదురాకుపచ్చ దారం ఉందా?"

"ఉంది. బిస్కెట్ డబ్బాలో పైనే ఉంటుంది చూడు."

తీసి చూశాను. పైనే ఉంది, నిండు రీలు. కొంగు ముడి విప్పి బిళ్ళని మెంతికూర పక్కన పెట్టాను. ఆవిడ దానికేసి చూడను కూడా లేదు.

"మరి ఎర్రదారంతో ఎందుకు కుట్టారు?"

"కళ్ళు కనపడట్లేదమ్మా ఈమధ్య," అన్నారు, ఆకు మీద ఆవగింజంత పురుగుని గోటితో తీసి కాగితం మీద పెడుతూ.

రీలు మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. అప్పుడావిడే అన్నారు, గొంతు తగ్గించి. "గురువారం నువ్వు డ్యూటీకి వెళ్ళాక వాడు తెచ్చాడు. కుట్టమన్నాడు. తప్పురా అన్నాను. భద్రత కోసమేనమ్మా అన్నాడు. కుట్టనంటే వాడే ఏ జిగురో పెట్టి అతికించేవాడు, అప్పుడు నీ కంట పడేదా?"

"నాతో చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"వాడు నా కొడుకమ్మా," అన్నారు. ఇంకో గుప్పెడు కాడలు తుంపారు. "నన్నెప్పుడూ ఎవరూ వెతకలేదు శేషూ. మీ మావగారు ఆఫీసు నుంచి వస్తూనే వంటింటి వైపు తిరిగి 'ఉన్నావా' అనేవారు. నలభయ్యేళ్ళు. ఉన్నానండీ అనేదాన్ని. ఎక్కడికి పోతాను? ఒకసారి మా అక్క కాశీకి రమ్మంది. ఆ వారం ఆయనకి వంటెవరు చేస్తారని ఆగిపోయాను. అక్క పోయింది. ఆయనా పోయారు." మెంతికూర బుట్ట నా వైపు తోసి, "కడుగు," అన్నారు.

కడుగుతుంటే, నేనీ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా తప్పు మనిషిని పరీక్షిస్తున్నానా అనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను. పరీక్ష పూర్తిచేయకుండా లేబుల్ మార్చకూడదు కదా. "ఏమండీ, ఒక్కదాన్నే వెళ్తున్నాను. మీకు భయం లేదా? నేనెక్కడున్నానో మీకెలా తెలుస్తుంది?"

"నీ మీద నాకు నమ్మకం శేషూ," అన్నారు మా ఆయన ఫణిభూషణ్ గారు, పెరుగన్నంలో మాగాయ కలుపుకుంటూ. "భార్యాభర్తల మధ్య నమ్మకమే ముఖ్యం."

అత్తయ్యగారికి పొలమారింది. మంచినీళ్ళు ఇచ్చాను. ఆవిడ గ్లాసు అడ్డం పెట్టుకుని తాగారు, ఎంతకీ దించలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే లేచి ఎనిమిది రోజులకి కందిపొడి, కారప్పొడి కొట్టి సీసాల్లో పెట్టాను, పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాను, ఏ మాత్ర ఏ పూటో కాగితం మీద రాసి గోడకి అంటించాను. కొండల్లో ఒంటరిగా ఉండే ఎనిమిది రోజులకి ఇంత వంట ముందే చేసిపెట్టాలి! చివరగా పోపుల డబ్బా తీశాను. ఆవాల గిన్నె పైకెత్తి, దాని కింద ఆ తెల్ల బిళ్ళ పెట్టి, గిన్నె మళ్ళీ పెట్టేశాను. తలెత్తితే గుమ్మంలో అత్తయ్యగారు. ఎంతసేపట్నుంచి నిలబడ్డారో.

"ఆవాలు నిండుగా పొయ్యి," అన్నారు. "నువ్వొచ్చేదాకా సరిపోవాలి."

మొదటి రోజు సాయంత్రం డెహ్రాడూన్‌లో ఉండగా ఫోన్. "శేషూ, బ్యాగు నీ దగ్గరే ఉందా?" ఉందండీ అన్నాను. "ఆ ఆకుపచ్చదేనా?" ఆకుపచ్చదేనండీ. "ఏం లేదు, ఊరికే." రెండో రోజు, "వేరే బ్యాగులోకి ఏమైనా మార్చావా?" మార్చలేదండీ. "ఆహా, ఊరికే." అడగలేరు పాపం. అడిగితే తను చేసిన పని చెప్పుకోవాలి. మూడో రోజు కొండ మీద సిగ్నల్ లేదు. ఆ రోజంతా తలలో పనులే తిరిగాయి, అవి అయిపోయాక షైని నవ్వు, కృష్ణారావు గారి గొణుగుడు, అవీ అయిపోయాయి. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ అకేలీ? ఒక్కదానివేనా? అని అడిగారు. గడ్డిమోపు మోసుకెళ్తున్న ఒక ముసలామె మాత్రం నా బ్యాగుని చేత్తో ఎత్తి చూసి, తన మోపు కన్నా తేలికే అన్నట్టు నవ్వేసి వెళ్ళిపోయింది. నిజం చెప్పొద్దూ, అప్పటికీ అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. మెత్తని రెండుసార్లు తడుముకుని చూసుకున్నాను. ఎవరో ఇంకా నన్ను చూస్తున్నారనే అనిపించేది. అమ్మ రాలేదు.

నాలుగో రోజు ఎర్రపూల చెట్లు దాటి గట్టు మీదికి చేరగానే ఫోన్ మోగింది.

"శేషూ, మూడు రోజుల్నుంచీ వంటింట్లో ఏదో కూస్తోంది."

"ఏం కూస్తోందండీ?"

"ఏదో... మిక్సీలోనా, ఫ్రిజ్‌లోనా తెలీట్లేదు. అల్మారాలన్నీ తీశాను."

"అత్తయ్యగారిని అడగలేకపోయారా?"

"అమ్మకి వినపడట్లేదట."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. "అసలు కూసేది మన ఇంట్లో ఏముందండీ?"

ఆయన గొంతు చిన్నదైపోయింది. "నీ భద్రత కోసమే పెట్టాను శేషూ. ఒంటరి ఆడది, ఎవరెలాంటివాళ్ళో... నా ఫోన్‌లో నాలుగు రోజుల్నుంచీ నువ్వు ఇంట్లోనే ఉన్నావని చూపిస్తోంది. ఫోన్‌లోంచి దాన్ని కూయించి వెతకలేక నా మతి పోతోంది. అదెక్కడ పెట్టావో చెప్పు."

"పోపుల డబ్బాలో ఉంది."

డబ్బాలు జరిపిన చప్పుడు. మూతలు తీసిన చప్పుడు. ఏదో కింద పడింది. "పోపుల డబ్బా ఏది శేషూ? ఇక్కడన్నీ స్టీలు డబ్బాలే, అన్నీ ఒకేలా ఉన్నాయి."

ఇరవై రెండేళ్ళు. రోజుకి రెండు పూటలు. నేను లెక్కేయబోయి మానేశాను. ఆయన వెనకాల నుంచి అత్తయ్యగారి గొంతు స్పష్టంగా వినపడింది. "ఫోన్ పెట్టేయ్‌రా. ఎండెక్కుతుంది, దాన్ని నడవనీ."

"వెతకండి," అన్నాను. "అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

ఫోన్ ఆపి బ్యాగులో అడుగున పడేసి భుజాన వేసుకున్నాను. గట్టు దిగి మలుపు తిరిగాను. అలవాటుగా ఆగి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. ఇంకా కాసేపు నిలబడి, ఏమో, ఉన్నారేమోనని మళ్ళీ చూశాను. నిజంగానే ఎవరూ లేరు.

"అమ్మా!" అని గట్టిగా పిలిచాను.